తెరచాప ఎత్తితే ఒక గాలం, దించితే ఇంకో గాలం

మా అత్తగారు పుట్టింది కళింగపట్నం పక్కన ఓ జాలరి పల్లెలో. ఆవిడ తండ్రి, తమ్ముళ్లు అందరూ వేటకి వెళ్లినవాళ్లే. ఆవిడ మాత్రం అరవై దాటినా ఒక్కసారి కూడా పడవెక్కి సముద్రం మీదికి వెళ్లలేదు. అక్కడ ఆడవాళ్ల పనంతా ఒడ్డు మీదే. వలలోంచి చేపలు ఏరడం, ఉప్పు పెట్టి ఎండబెట్టడం, తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి అమ్మడం. మా ఆయన తరం వచ్చేసరికి చదువులు, ఉద్యోగాలు, శ్రీకాకుళంలో కాపురం. ఇక నేనా, బొబ్బిలి వైపు దాన్ని, చెరువు చేప తప్ప ఎరగను. కాబట్టి మా ఇంట్లో సముద్రం గురించి మాటలు చాలా ఉన్నాయి గానీ గాలం పట్టడం వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు.

ఈసారి సంక్రాంతికి మా ఆయన మేనమామగారు భోజనాల దగ్గర ఉన్నట్టుండి, "గుంటల్ని పట్టుకుని రండి, తెరచాప మీద తిప్పి తెస్తాను" అన్నారు. గుంటలంటే అక్కడ పిల్లలు. "నీను కూడా వస్తాను" అంది మా అత్తగారు. అందరం ఆవిడ వైపు చూశాం. తమ్ముడు మాత్రం "రా అప్పా, ఎవులొద్దన్నారు" అనేసి అన్నం కలుపుకున్నారు.

మావయ్యగారిది ఫైబరు పడవ. ఇంజనుంది. అయినా గాలి అనుకూలంగా ఉంటే నీలం టార్పాలిన్ పట్టాలు కుట్టిన తెరచాప ఎత్తి డీజిలు మిగుల్చుకుంటారు. ఆ వయసులో ఇంకా తెరచాప నడపగలిగేవాళ్లు పల్లెలో తక్కువమందే మిగిలారు. కుర్రాళ్లు ఇంజను బోట్ల మీద పనికి గుజరాత్‌లోని వెరావల్ పోతారు. 2018 చివర్లో పాకిస్తాన్ వాళ్లకి చిక్కి, 2020 జనవరిలో విడుదలైన జాలర్లలో ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లే. మావయ్యగారి పెద్దబ్బాయి కూడా వెరావల్‌లోనే ఉన్నాడు. ఇక్కడ ఇంత పొడుగు తీరం పెట్టుకుని అక్కడికెందుకంటే, పెద్ద బోట్లు కట్టుకునే హార్బరు లేదంటారు. అదో పెద్ద కథ.

ఎప్పుడు వెళ్లాలన్నది మావయ్యగారే తేల్చారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరమంతా ఇంజను పడవలు ఒడ్డు మీదే ఉంటాయి. ఆ తర్వాత నైరుతి గాలులు, అలలు. అక్టోబరు, నవంబరు అంటే తుపాన్లు. పిల్లలతో పోవాలంటే సంక్రాంతి దాటాక మార్చి లోపలే మంచిదట. ఆ రోజుల్లో తెల్లవారుజామున గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది. రాత్రంతా నేల చల్లబడి, నీళ్లు ఇంకా వెచ్చగా ఉండటం వల్ల అలా జరుగుతుంది. మధ్యాహ్నానికి నేల కాగిపోయి గాలి తిరగబడుతుంది, సముద్రం మీంచి ఒడ్డుకి. అంటే పొద్దున్నది మనల్ని లోపలికి తోస్తుంది, మధ్యాహ్నానిది ఇంటికి తెస్తుంది. పాఠం పుస్తకంలో ఉన్నదే, కానీ మావయ్యగారు చెప్తే మావాడు మొదటిసారి శ్రద్ధగా విన్నాడు.

ఫోన్‌లో వాతావరణం కూడా చూసుకున్నాం. అలల ఎత్తు, గాలి వేగం చెప్పేది ఇన్‌కాయిస్ సంస్థ. అదుండేది హైదరాబాదులో! సముద్రం లేని ఊరు నుంచి సముద్రం కబుర్లు. మావయ్యగారు అవి విని తలూపారు గానీ ముందురోజు సాయంత్రం ఒడ్డుకెళ్లి తన కళ్లతో చూసుకున్నాకే "సరే" అన్నారు. లైఫ్ జాకెట్లు లేకుండా పిల్లల్ని ఎక్కించనని నేను పట్టుబట్టాను. పల్లెలో ఎవరూ వేసుకోరు. అత్తగారికి చీర మీద తొడిగితే నవ్వలేక చచ్చింది. కోస్ట్ గార్డ్ నంబరు 1554 అందరి ఫోన్లలోనూ వేయించాను. ఉద్యోగరీత్యా ఫార్మసిస్టుని, ఇలాంటి వాటిలో నాకు కొంచెం చాదస్తం.

మా ఆయన ఆన్‌లైన్‌లో ఓ కర్ర గాలం, దానికో మెరిసే రీలు తెప్పించారు. మావయ్యగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మర్యాదగా గోడకి ఆనించేశారు. తెరచాప కర్ర, తాళ్లు, ఇంతమంది జనం ఉన్న పడవలో ఆ పొడుగు కర్ర ఎవరి కంట్లో పొడుస్తుందో తెలీదు. ఆయన గాలం చూస్తే ఏమీ ఉండదు. చెక్కముక్కకి చుట్టిన లావుపాటి తంగూసు, అంటే నైలాన్ దారం, చివర మెలిపడకుండా తిరిగే చిన్న స్వివెల్, దాని కింద జానెడు స్టీలు తీగ, తీగకి గాలపు ముల్లు.

ఎర పిల్లల చేత తయారు చేయించారు. ముందురోజు రాత్రి అరుగు మీద కూర్చోబెట్టి, చిప్స్ ప్యాకెట్లు కోసి లోపలి వెండిరంగు పైకి వచ్చేలా సన్నటి పేలికలు చేయమన్నారు. వాటితో పాటు తెల్లకోడి ఈకలు రెండు. అన్నీ కలిపి ముల్లు మెడ దగ్గర పెట్టి ఎర్రదారంతో బిగించి చుట్టాలి. పేలికలు ముల్లు కొన దాటి కాస్త కిందకి వేలాడాలి, మరీ పొడుగైతే చేప ఆ కొసలు మాత్రమే పట్టుకుని లాగి పోతుందట. మా పాప కట్టినదాన్ని నీళ్ల బకెట్లో లాగి చూపించారు. పేలికలు ముడుచుకుని, విచ్చుకుని, అచ్చం నెత్తళ్లనే చిన్న చేపల గుంపులో ఒకదానిలా తళుక్కుమంది. మావాడు కట్టింది గిరగిరా తిరిగింది. "ఇది చేప కాదురా, ఫేను" అన్నారు తాత. విప్పి మళ్లీ కట్టించారు. ఆ పనిలో పిల్లలు పదింటి దాకా ఫోన్ అడగలేదు. నాకు అదే పెద్ద లాభం.

తెల్లారకముందే బయల్దేరాం. మేం ఐదుగురం, మావయ్యగారు, ఆయనతో వేటకొచ్చే కుర్రాడు. పడవ వంశధారలో కట్టి ఉంది. నది సముద్రంలో కలిసే చోటుని మొగ అంటారు. అక్కడ ఇసుక మేట ఏటేటా జరుగుతూ ఉంటుంది. పైన గొట్టా బ్యారేజీ దగ్గర నీళ్లు ఆగిపోయి ఈ కాలంలో నదిలో పారుదల తక్కువ, అందుకని మేట ఇంకాస్త పైకి తేలి కనపడుతుంది. మొగ దాటడమే మొత్తం ప్రయాణంలో కష్టమైన పని. పాటు, అంటే సముద్రం వెనక్కి తగ్గే వేళ, జోరుగా లాగుతున్నప్పుడు బయటకి పరుగెత్తే నీళ్లూ లోపలికొచ్చే అలలూ ఎదురెదురై నిటారుగా లేస్తాయి. అందుకే నీళ్లు నిలకడగా ఉన్న వేళ చూసుకున్నారు. ఇంజను మీద మేట దాకా వచ్చి, ఆపి, కాసేపు అలల్నే చూస్తూ నిలబడ్డారు. పెద్దవి వరసగా వచ్చిపోయాక ఒక్కసారిగా ఇంజను రేపి దూకించారు. మేమందరం అడుగునే కూర్చుని పక్కలు పట్టుకున్నాం. ఒక్క అల ముఖాల మీద కొట్టింది. అత్తగారు కళ్లు తెరిచేసరికి లైట్‌హౌసు వెనక్కి వెళ్లిపోయింది.

అక్కడ ఇంజను ఆపి తెరచాప ఎత్తారు. గాలి వీపున తగులుతోంది. పడవ ఓ పక్కకి కొంచెం ఒరిగి నడక అందుకుంది.

ఇప్పుడు గాలం. నడిచే పడవ వెనకాల వదిలి లాగే గాలం ఇది. తంగూసు ముప్పై, నలభై మీటర్లు వదలాలి. పడవ వెనక నురగ దాటిపోయేదాకా. రెండు పక్కలా రెండు గాలాలు, మలుపు తిరిగినప్పుడు ఒకదానికొకటి చిక్కుపడకుండా ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. చివర పడవకి నేరుగా కట్టలేదు. మధ్యలో సైకిల్ ట్యూబు ముక్క ఉంది. చేప పట్టగానే వచ్చే మొదటి కుదుపు ట్యూబు సాగి మింగేస్తుంది, లేకపోతే తంగూసు తెగడమో, చేప నోరు చిరగడమో. ట్యూబు సాగిందంటే చేప పడినట్టే, చెయ్యి మీద పట్టుకుని కూర్చోనక్కర్లేదు. "ఏలికి మాత్రం సుట్టీకండి" అని అందరికీ చెప్పారు. పెద్ద చేప లాగితే వేలు కోసుకుపోతుంది. పల్లెలో వేళ్ల మీద ఆ గీతలు లేని మగవాడు అరుదు.

అసలు సంగతి వేగం దగ్గరుంది. పడవ నెమ్మదిస్తే ఎర మునిగి చచ్చినట్టు వేలాడుతుంది. మరీ ఉరికితే నీళ్ల పైకి లేచి గెంతుతుంది. మావాడు ఫోన్‌లో జీపీఎస్ పెట్టి చెప్తూ వచ్చాడు, గంటకి ఐదు, ఆరు కిలోమీటర్లని. "ఎనిమిదుండాల, పదికి మించకూడదు" అన్నట్టుగా మావయ్యగారు తెరచాప తాడు లాగుతూ, వదులుతూ ఉన్నారు. నిజానికి ఆయన ఫోన్ చూడటం లేదు, తంగూసు నీళ్లని కోసే చోటు చూస్తున్నారు. ఆ రోజు నాకు బాగా అర్థమైంది ఇదే: గాలం ఎవరు పట్టుకున్నా చేపని పట్టేది చుక్కాని దగ్గరున్నవాడు. మేం లాగేవాళ్లం మాత్రమే.

చాలాసేపు ఏమీ లేదు. ఒకసారి ట్యూబు సాగింది, లాగితే పాలిథిన్ కవరు. రెండోసారి నాచు. తర్వాత దూరంగా రేవుపిట్టలు గుంపుగా నీళ్లలోకి దూకుతూ కనపడ్డాయి. కింద చిన్న చేపల్ని పెద్దవి తరుముతుంటే అవి పైకొస్తాయి, పిట్టలకి పండగ. నేనైతే నేరుగా వాటి మధ్యలోకి పొమ్మనేదాన్ని. మావయ్యగారు అంచు వెంబడే పోనిచ్చారు. గుంపు మీంచి పడవ పోతే అన్నీ అడుక్కి దిగిపోతాయట. పడవ ఒక చుట్టు తిరగడం, ఎరలు గుంపు చివరని తాకుతూ పోవడం, ఎడమవైపు ట్యూబు మూరెడు సాగడం. వెంటనే తాడు వదిలేసి తెరచాపలో గాలి తగ్గించారు. పడవ ఆ వేగంలోనే ఉంటే చేపతో పాటు నీళ్ల బరువునీ లాగాల్సి వస్తుంది. మా ఆయన చేతికి తువ్వాలు చుట్టుకుని లాగారు. అడ్డంగా, మొండిగా గుంజింది. పైకి తేలితే వెండి పళ్లెంలా ఓ పార చేప. రెండు కిలోలు ఉండొచ్చు.

ఇంకో పట్టు మాత్రం పోయింది. మా ఆయన తెచ్చుకున్న ప్లాస్టిక్ చేప ఎర ఒకటుంది, ముచ్చటపడి కుడివైపు గాలానికి కట్టారు. దానికి స్టీలు తీగ లేదు. ట్యూబు ఒక్క గుంజు గుంజి వదులైపోయింది. తీసి చూస్తే తంగూసు బ్లేడుతో కోసినట్టుంది. "కోనాం" అన్నారు మావయ్యగారు, చివర చూసి. వంజరాన్ని అక్కడ అలాగే పిలుస్తారు. దాని పళ్లు కత్తెరల్లాంటివి. ఎర ఖరీదు మా ఆయన ఇప్పటిదాకా చెప్పలేదు.

ఇంతలో మా పాప కేక పెట్టింది. పడవకి దగ్గర్లో ఓ తాబేలు తల ఎత్తి చూస్తోంది. ఆలివ్ రిడ్లేలు ఈ నెలల్లోనే మా జిల్లా ఇసుక మీద గుడ్లు పెట్టడానికి వస్తాయి. మావయ్యగారు ముందు రెండు గాలాలూ పైకి లాగించేశారు, ముల్లు దాని కాళ్లకి తగలకుండా. అత్తగారు రెండు చేతులూ జోడించి "కూర్మనాథా" అంది. శ్రీకూర్మం అక్కడికి ఎంతో దూరం లేదు మరి. తాబేలు ఊపిరి పీల్చుకుని దిగిపోయింది.

పదకొండు దాటేసరికి గాలి చచ్చిపోయింది. తెరచాప గుడ్డలా వేలాడుతోంది. ఇక లాగే గాలం పని అయిపోయింది. మావయ్యగారు లైట్‌హౌసుకి సూటిగా ఏ చెట్లు వస్తున్నాయో, ఇంకోవైపు ఏ దిబ్బ మీద ఏ గుడిసె కనిపిస్తోందో చూసుకుంటూ తెడ్డు వేయించారు. ఆ రెండు గీతలూ కలిసే చోట అడుగున రాళ్లున్నాయట. అక్కడ వేరే గాలం తీశారు. కొసకి సీసం గుండు, దాని పైన వరసగా అరడజను చిన్న ముళ్లు, ఒక్కోదానికీ చిటికెడు ఈక. అడుక్కి వదిలి, కొంచెం పైకి లాగి, చెయ్యి ఎత్తుతూ దించుతూ ఉండటమే. ఎర గుచ్చే పని లేదు. ఒక్క లాగులో మూడు కానాగంత చేపలు గిలగిలలాడుతూ వచ్చేసరికి పిల్లలకి పిచ్చెక్కింది. అత్తగారు కూడా ఒక గాలం అడిగి తీసుకుంది. ఆవిడ చేప ఊడదీసే తీరు చూడాలి. మొప్పల వెనక రెండు వేళ్లు పెట్టి ఒక్క తిప్పు, అంతే. ముల్లు చేతిలో, చేప పెట్టెలో. పట్టడం కొత్త గానీ చేపని చేత్తో పట్టుకోవడం ఆవిడకి కొత్త కాదు కదా.

నా సంగతి వేరు. నడిచే పడవలో ఏమీ కాలేదు. ఆగిన పడవ అటూ ఇటూ దొర్లడం మొదలుపెట్టాక కడుపులో తిప్పింది. వాంతి మాత్ర పిల్లలకి బయల్దేరే ముందే వేశాను, నేను వేసుకోలేదు, అందరినీ చూసుకోవాలి కదా, మత్తొస్తే ఎలా అని. దూరంగా ఒడ్డు గీతనే చూస్తూ, అల్లం ముక్క నములుతూ కూర్చున్నాను. రెండుసార్లు కక్కాను. "సేపలకి మేత" అన్నాడు కుర్రాడు. మావయ్యగారు వాడి నెత్తి మీద ఒక్కటిచ్చారు.

ఆ స్థితిలో కూడా నేను వదలని పని ఒకటుంది, ఐసు. థర్మాకోల్ పెట్టె నిండా ఐసు తీసుకెళ్లాం. పట్టిన ప్రతి చేపా వెంటనే అందులోకే. కానాగంతలు, సూర లాంటి చేపల్ని ఎండలో వదిలేస్తే కండలో హిస్టమిన్ అనే పదార్థం పుడుతుంది. ఒకసారి పుట్టాక ఉడికించినా, వేయించినా పోదు. తిన్న గంటలోపే ముఖం ఎర్రబడటం, దద్దుర్లు, తలనొప్పి. మా కౌంటరు దగ్గరికి "చేప పడలేదండి" అంటూ దద్దుర్లకి మాత్ర అడగడానికి వచ్చేవాళ్లలో కొందరికి చేప పడకపోవడం కాదు, ఎండన పడి ఉన్న చేప తినడం. చూడ్డానికి, వాసనకి ఒక్కోసారి బాగానే ఉంటుంది, అదే చిక్కు.

ఒంటిగంట దాటాక గాలి తిరిగింది. ఈసారి సముద్రం వైపు నుంచి, పొద్దుటి కంటే బలంగా. తెరచాప నిండింది. లాగే గాలాలు మళ్లీ వేశాం గానీ పడవ ఉరుకు ఎక్కువై ఎరలు పైకి గెంతుతూనే ఉన్నాయి. మావయ్యగారు తెరచాప దించి నెమ్మదించలేదు. పోటు, అంటే సముద్రం నీళ్లు లోపలికి ఎక్కే వేళ, ఉండగానే మొగ దాటాలని ఆయన తొందర. గాలాలు చుట్టేశాం. లోపలికి వెళ్లే నీళ్లతో పాటు వెళ్లడం పొద్దుటంత భయం అనిపించలేదు.

నదిలోకి వచ్చాక లంగరు వేసి కాసేపు ఆగాం. అటు శాలిహుండం కొండ వైపు కొయ్యింగ చేపలు నీళ్లలోంచి గాల్లోకి ఎగురుతున్నాయి. మావాడు వాటికి గాలం వేస్తానన్నాడు. అవి బురదలో నాచు తినే చేపలు, ముల్లుకి ఎక్కువగా రావు, వాటికి విసురువలే. మాకు రొయ్య ఎరకి పడ్డవి జెల్లలు. జెల్ల వీపు మీద, రెండు చెంపల పక్కనా ముళ్లుంటాయి, విషం ఉంటుంది. కుర్రాడు పటకారుతో వాటిని విరుస్తుండగా ఒకటి బొటనవేలి మొదట్లో దిగింది. మొనగాడు, ఏడవలేదు గానీ ముఖం నల్లబడింది. టీ కోసం ఫ్లాస్కులో తెచ్చిన వేడినీళ్లు గిన్నెలో పోసి, కొంచెం చన్నీళ్లు కలిపి, ముందు నా వేలు పెట్టి చూసి, వాడి చెయ్యి ముంచాను. కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడి. ఆ విషం వేడికి విరుగుతుంది. అరగంటలో నొప్పి దిగింది. మరునాడు టీటీ ఇంజెక్షన్ చేయించుకోమని పంపాను, వెళ్లాడో లేదో.

ఒడ్డున అత్తగారు చేపల్ని గోనెపట్టా మీద కుప్పలు పోసి ధర కట్టింది. పార ఇంతకి పోయేది, కానాగంతలు ఇంతకి అని. మొత్తం లెక్కేస్తే ఆ రోజు డీజిలు, ఐసు ఖర్చు కూడా రాలేదు. "ఇలగ ఏటకెల్తే ఇల్లు గడిసినట్టే" అంది. మావయ్యగారికి డబ్బులివ్వబోతే కోప్పడ్డారు. జెల్లలు కుర్రాడికి, కానాగంతలు సగం సగం, పార మాకు. రాత్రి పార ముక్కలు వేపుడు, కానాగంతలు చింతపండు పులుసు. కడుపు తిప్పడం తగ్గక నేను మజ్జిగ తాగి పడుకున్నాను.

మావాడికి ఇప్పుడు గాలం మీద మోజు లేదు. చుక్కాని పట్టుకోవాలట. తాతకి ఫోన్ చేసి అడిగాడు. "ఈత నేరుసుకుని రా, అప్పుడు సూద్దుం" అన్నారాయన. ఈత క్లాసులో చేర్చాం. ఏప్రిల్ 15 లోపల నేర్చేసుకోవాలని టార్గెట్ పెట్టుకున్నాడు. నీళ్లలో ముఖం పెట్టడం వరకూ వచ్చింది.